మా అమ్మాయి స్నూకర్ ఆడుతోంది. ఆడపిల్లలకి ప్రొఫెషనల్ టూర్ అంటూ నిజంగా ఉందా?

బెజవాడ నాన్న అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. నేను మెంబరుగా ఉన్న క్లబ్బులో ఒక పాత స్నూకర్ టేబుల్ ఉంది. ఆదివారాలు నేను షటిల్ ఆడుతున్నంతసేపు తను పక్క గదిలో మార్కర్ (టేబుల్ చూసుకుంటూ స్కోరు వేసే మనిషి) గారి దగ్గర కూర్చునేది. క్యూ పట్టుకోవడం ఆయనే నేర్పారు. నేను సరదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ముప్పై పైన బ్రేకులు (ఒకే విడతలో వరసగా కొట్టే పాయింట్లు) కొడుతోంది. పెద్ద మెంబర్లు కూడా తనతో ఒక ఫ్రేమ్ (స్నూకర్‌లో ఒక ఆట) ఆడటానికి వెనకాడుతున్నారు.

క్లబ్బులో టేబుల్ మాకు వారంలో కొద్ది గంటలే దొరుకుతుంది. అందుకని ఊళ్లో ఒక పార్లర్‌కి తీసుకెళ్లాను. ఆడపిల్లల్ని రానివ్వం, తర్వాత గొడవలవుతాయి అన్నారు. నేను పక్కనే కూర్చుంటానన్నా ఒప్పుకోలేదు. పిల్ల ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆ రోజు చాలా బాధేసింది.

ఇంట్లో మా అమ్మ, అత్తగారు ఒకటే మాట: చదువుకునే పిల్లకి ఈ ఆటేంటి, దీంతో అన్నం పెడతారా అని. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. క్రికెట్, బ్యాడ్మింటన్ అయితే ఏ వయసులో ఏం చేయాలో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ అడగడానికి మనిషే లేడు. స్నూకర్, పూల్, బిలియర్డ్స్ ఏదైనా సరే, ఆడవాళ్లకి ప్రొఫెషనల్ టూర్ ఉందా? అది ఎలా మొదలైంది, ఇప్పుడెలా నడుస్తోంది? దాని మీద బతికేవాళ్లున్నారా? ఇంకొకటి కూడా అడగాలి. ఇది కుస్తీ కాదు కదా, ఆడవాళ్లకి వేరే పోటీలు ఎందుకు? ఈ ప్రశ్న మా అమ్మాయే అడిగింది, నేను చెప్పలేకపోయాను.

తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

---

కోఠి క్యూ జవాబు:

అన్నా, ముందు మన దేశంలో దారి చెప్తా. మిగతాది నాకంటే బాగా తెలిసినవాళ్లు చెబుతారు.

మన దగ్గర ఈ ఆటని నడిపేది బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. దాని కింద రాష్ట్ర సంఘాలు. ఏటా జరిగే నేషనల్స్‌లో సబ్ జూనియర్, జూనియర్ అమ్మాయిలకీ, సీనియర్ మహిళలకీ విడిగా విభాగాలున్నాయి. మీ అమ్మాయి వయసుకి సబ్ జూనియర్. ముందు రాష్ట్ర సంఘం దగ్గర పేరు రిజిస్టర్ చేయించండి, సెలక్షన్ మ్యాచులు ఆడించండి. నేషనల్స్‌లో పైకి వస్తే ఐబీఎస్ఎఫ్ (ఈ ఆటల అంతర్జాతీయ సమాఖ్య) ప్రపంచ పోటీలకు పంపుతారు. అవి అమెచ్యూర్ పోటీలు. పేరొస్తుంది, డబ్బు తక్కువ.

ఈ దారిలో వెళ్లి పైకొచ్చిన మనవాళ్లు తక్కువేం లేరు. చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ 2025 నవంబర్‌లో దోహాలో ఐబీఎస్ఎఫ్ మహిళల ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఎదురుగా ఉన్నది హాంకాంగ్‌కి చెందిన ఎన్‌జీ ఆన్ యీ. ఆమె మూడుసార్లు మహిళల ప్రపంచ చాంపియన్. స్కోరు 3-2. అంతకుముందు 2017లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్లో విద్యా పిళ్లై ఇదే ఎన్‌జీ ఆన్ యీ చేతిలో 5-6తో, అంటే ఒక్క ఫ్రేమ్ తేడాతో ఓడిపోయింది. బెంగళూరు ఉమాదేవి నాగరాజ్ గారు కర్ణాటక ప్రభుత్వ ఉద్యానశాఖలో టైపిస్టుగా ఉద్యోగం చేస్తూనే 2012లో ప్రపంచ మహిళల బిలియర్డ్స్ టైటిల్ గెలిచారు. ఆమె పేరు మీ అత్తగారికి తప్పకుండా చెప్పండి.

బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, ఇండోర్ పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. మన రెండు రాష్ట్రాల నుంచి అమ్మాయిలు ఇంకా ఆ స్థాయికి రావాలి. హైదరాబాద్ మగపిల్లలు మాత్రం చాలాకాలంగా ఆడుతున్నారు, లక్కీ వత్నాని పేరు వినే ఉంటారు.

పార్లర్ సంగతి విని కోపం వచ్చింది అన్నా. హైదరాబాద్‌లో ఇప్పుడు అలా అనేవాళ్లు తగ్గారు. సెలవుల్లో ఇక్కడికి తీసుకురండి, నేను టేబుల్ చూపిస్తా.

---

షార్లెట్ అక్క జవాబు:

నాన్నగారూ, మీ పోస్టు చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి. పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో నేను హెచ్-4 వీసా మీద ఉండేదాన్ని. ఉద్యోగం చేసే వీల్లేదు. మధ్యాహ్నం టీవీ పెడితే ఈఎస్‌పీఎన్‌లో ఆడవాళ్ల 9-బాల్ (పూల్‌లో ఒక రకం ఆట) మ్యాచులు వచ్చేవి, కొత్తవి, పాతవి కలిపి. అప్పటిదాకా ఈ ఆట ఆడవాళ్లు ఆడతారనే నాకు తెలీదు. వాటిలో అలిసన్ ఫిషర్ అని ఒకావిడ కనిపించేది, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి. గడ్డం క్యూకి ఆనేంత కిందికి వంగుతుంది. క్యూని వెనక్కి లాగాక అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు కొడుతుంది. కొట్టాక కూడా తల లేపదు. బంతి పాకెట్లో పడిన చప్పుడు వినిపించాకే లేస్తుంది. తెల్ల బంతి వెళ్లి తర్వాతి బంతికి సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఆగి ఉంటుంది. నేను ఆట నేర్చుకున్నది ఆమెని చూసే. తర్వాత మా ఆయన ఆఫీసువాళ్లతో పూల్ హాల్‌కి వెళ్లడం, లీగ్‌లో చేరడం జరిగాయి. ఇప్పటికీ ఆడుతున్నాను.

మీ ప్రశ్నకి వస్తాను. టూర్ ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగు రకాలు. కానీ అవి ఎలా వచ్చాయో తెలిస్తేనే మీ అమ్మాయికి ఏది నికరమో, ఏది కాదో అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో 1931లోనే మహిళల బిలియర్డ్స్ సంఘం ఉంది. జాయిస్ గార్డ్‌నర్ లాంటివాళ్లు అప్పుడే ప్రొఫెషనల్ చాంపియన్లు. 1934లో ప్రొఫెషనల్ మహిళల స్నూకర్ చాంపియన్‌షిప్ మొదలైంది, రూత్ హారిసన్ వరసగా గెలుస్తూ పోయింది. 1950 తర్వాత ఆ పోటీ ఆగిపోయింది. మళ్లీ మహిళల ప్రపంచ స్నూకర్ అంటూ జరిగింది 1976లో, వెరా సెల్బీ గెలిచింది. మధ్యలో పాతికేళ్లు ఖాళీ. ఆ పాతికేళ్లలో ఆడగలిగిన ఆడవాళ్లు లేక కాదు, పోటీ పెట్టే దిక్కు లేక.

అమెరికా సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రూక్లిన్‌లో జీన్ బలూకస్ అనే చిన్నపిల్ల ఉండేది, వాళ్ల నాన్నదే బిలియర్డ్స్ హాల్. తొమ్మిదేళ్ల వయసులో 1969 యూఎస్ ఓపెన్ పూల్ పోటీలో ఆడి ఐదో స్థానం తెచ్చుకుంది. తర్వాత నాలుగు, మూడు. 1972లో గెలిచింది. అక్కడి నుంచి 1978 దాకా వరసగా ఏడుసార్లు టైటిల్ ఆమెదే. మగవాళ్ల టోర్నీల్లోకీ వెళ్లి ఆడింది. 1985లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, అప్పటికి పాతికేళ్లు. 1988లో, ముప్పై కూడా నిండకుండా, ఒక వివాదం తర్వాత ఆట వదిలేసి వెళ్లిపోయింది. ఆమె ఆడిన కాలం అంతా నాకు బాధగా అనిపిస్తుంది. అంత గొప్ప ఆటగత్తెకి సంవత్సరం పొడవునా ఆడటానికి ఒక నిలకడైన టూర్ లేదు. ఉన్న పోటీల్లో ఎక్కువ భాగం మగవాళ్ల టోర్నీకి అనుబంధంగా నడిచేవే. పెట్టేవాళ్ల ఇష్టం, తీసేసేవాళ్ల ఇష్టం.

1976లో మహిళల ప్రొఫెషనల్ బిలియర్డ్స్ సంఘం పుట్టింది, డబ్ల్యూపీబీఏ అంటారు. నా ఉద్దేశంలో అసలు మలుపు 1993. ఆ ఏడు ఆ సంఘంలోని ఆడవాళ్లు మగవాళ్ల టూర్ నుంచి విడిపోయి, క్లాసిక్ టూర్ పేరుతో సొంత టూర్ పెట్టుకున్నారు. స్పాన్సర్లతో మాట్లాడటం, నియమాలు రాసుకోవడం, టీవీ వాళ్ల దగ్గరికి వెళ్లడం, అన్నీ ఆడేవాళ్లే దగ్గరుండి చూసుకున్నారు. స్వీడన్ నుంచి వచ్చిన ఇవా మటాయా ఒకపక్క టైటిల్స్ కొడుతూ, ఇంకోపక్క టీవీలో కామెంటరీ చెప్పేది. మగవాళ్ల సంఘాలు అప్పట్లో తమలో తాము గొడవలు పడి, టూర్లు పెట్టడం, మూసేయడం చేస్తున్న కాలం అది. ఆ సమయంలో టీవీలో వరసగా కనిపించింది ఆడవాళ్ల పూలే. నేను చూసినవి ఆ మ్యాచులే.

అలిసన్ ఫిషర్ అక్కడికి ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. పదిహేడేళ్లకే, 1985లో, మహిళల ప్రపంచ స్నూకర్ గెలిచింది. 1994కల్లా ఏడుసార్లు గెలిచింది. 1991లో మగవాళ్ల స్నూకర్‌లో పెద్ద పేరున్న స్టీవ్ డేవిస్‌తో కలిసి ప్రపంచ మిక్స్‌డ్ డబుల్స్ కూడా గెలిచింది. ఇన్ని గెలిచినా ఇంగ్లండ్‌లో ఆ ఆటతో గడవదు. 1995లో సామాను సర్దుకుని అమెరికా వచ్చేసింది. వేరే ఆట, చిన్న టేబుల్, పెద్ద బంతులు. మరుసటి ఏడే ప్రపంచ 9-బాల్ చాంపియన్ అయింది. ఆమె వెనకే ఉత్తర ఐర్లండ్ నుంచి కరెన్ కార్ వచ్చింది, తర్వాత కెల్లీ ఫిషర్ వచ్చింది (ఇద్దరు ఫిషర్లకీ చుట్టరికం లేదు). కెల్లీ ఐదుసార్లు మహిళల ప్రపంచ స్నూకర్ గెలిచిన మనిషి. 2003లో గెలిచాక ఏం జరిగిందో చూడండి. ప్రొఫెషనల్ స్నూకర్ సంఘం మహిళల ఆటకి ఇస్తున్న సాయం ఆపేసింది. 2004లో ప్రపంచ చాంపియన్‌షిప్పే జరగలేదు. టైటిల్ చేతిలో ఉంది, నిలబెట్టుకోవడానికి పోటీ లేదు. ఆమె కూడా పూల్‌కి మారింది, 2012లో ప్రపంచ 9-బాల్ గెలిచింది.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. ఆడవాళ్ల ఆట అద్దె ఇంట్లో ఉన్నంతకాలం ఎంత గొప్పవాళ్లున్నా ఇంటాయన ఖాళీ చేయమన్న రోజు రోడ్డు మీద పడాల్సిందే. సొంత టూర్ ఉంటే కష్టకాలంలో కూడా ఏదో ఒకటి మిగులుతుంది. డబ్ల్యూపీబీఏకి కూడా గడ్డుకాలం వచ్చింది. 2008 మాంద్యం తర్వాత స్పాన్సర్లు తగ్గారు, టీవీ తగ్గింది, ఏడాదికి జరిగే ఈవెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అయ్యాయి. ఆ రోజుల్లో మేం లీగ్‌వాళ్లం ఇక టూర్ మూతపడుతుందనే అనుకున్నాం. మూతపడలేదు. నడిపేది సభ్యులే కాబట్టి పట్టుకుని ఈదారు. ఈ రోజుకీ నడుస్తోంది.

---

గచ్చిబౌలి 9-బాల్ జవాబు:

అక్కా, చాలా బాగా రాశారు. కానీ నాన్నగారి అమ్మాయి అడిగిన ప్రశ్నకి సమాధానం రాలేదు. నేను ఆఫీసు పక్కన పూల్ ఆడుతుంటాను. మా గ్రూపులో ఒకమ్మాయి మమ్మల్నందరినీ ఓడిస్తుంది. అలాంటప్పుడు వేరే టూర్ పెట్టడం వల్ల ఆడవాళ్లు తక్కువ అని మనమే ఒప్పుకున్నట్టు కాదా? అందరికీ ఒకే టూర్ పెట్టి, గెలిచినవాళ్లు గెలుస్తారు అంటే సరిపోదా? నాకు నిజంగానే ఈ అనుమానం ఉంది, వాదన కోసం అడగడం లేదు.

---

షార్లెట్ అక్క జవాబు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఇది మా లీగ్‌లో కూడా నలుగుతూనే ఉంటుంది.

స్నూకర్‌లో తలుపు మూసి లేదు. ప్రొఫెషనల్ టూర్‌లో ఆడవాళ్లు ఆడకూడదన్న నియమం లేదు. అలిసన్ ఫిషర్ 1990ల మొదట్లో ఆడింది. రియాన్ ఎవాన్స్ పన్నెండుసార్లు మహిళల ప్రపంచ చాంపియన్, అందులో 2005 నుంచి 2014 దాకా వరసగా పది. 2013లో వూషీ క్లాసిక్ క్వాలిఫయింగ్‌లో థాయ్‌లాండ్ ప్రొఫెషనల్ తెప్చయ్యా ఉన్-నూని 5-4తో ఓడించి, ర్యాంకింగ్ టోర్నీ ప్రధాన పోటీకి చేరిన మొదటి మహిళ అయింది. 2021 బ్రిటిష్ ఓపెన్‌లో మగ ప్రొఫెషనల్ మార్క్ అలెన్‌ని ఆఖరి ఫ్రేమ్ దాకా లాక్కొచ్చి 3-2తో ఓడింది. అంటే ఆడగలరు.

మరి ఎందుకు వేరే టూర్? బలం సంగతి కొద్దిగా ఉంది. 9-బాల్ బ్రేక్‌లో, అంటే మొదట బంతుల గుంపుని చెదరగొట్టే దెబ్బలో, వేగం పనికొస్తుంది, దాన్ని నేను కాదనను. కానీ అసలు తేడా టేబుల్ దగ్గర గడిపిన గంటలది. పదమూడేళ్ల మగపిల్లాడు పార్లర్‌లో రాత్రి పదింటిదాకా ఉంటే ఎవరూ ఏమీ అనరు. తనకంటే బాగా ఆడేవాళ్లతో రోజూ ఆడి, ఓడి, నేర్చుకుంటాడు. నాన్నగారి అమ్మాయిని గుమ్మంలోనే ఆపేశారు. ఇదే ఇరవయ్యేళ్లు జరిగితే పైస్థాయికి వచ్చే ఆడవాళ్లు ఎంతమంది మిగులుతారు? ఆ కొద్దిమందినీ 128 మంది మగవాళ్ల మధ్యలో వేసి గెలిస్తే గెలవండి అంటే మొదటి రౌండు ఓటములు, ప్రయాణం ఖర్చులే మిగులుతాయి. రెండేళ్లలో మానేస్తారు. వేరే టూర్ ఉంటే గెలుపు రుచి తెలుస్తుంది, కాస్త డబ్బొస్తుంది, వెనక వచ్చే పిల్లలకి చూడటానికి ఒక మనిషి ఉంటుంది. నాకు అలిసన్ ఫిషర్ కనిపించింది ఆడవాళ్ల టూర్ ఉండబట్టే.

మా లీగ్ సంగతి కూడా చెప్తాను. ఏపీఏ అని అమెరికా అంతా ఉండే అమెచ్యూర్ లీగ్. 8-బాల్‌లో (ఇదీ పూల్‌లో ఒక రకమే) ప్రతి ఒక్కరికీ 2 నుంచి 7 దాకా ఒక స్థాయి ఇస్తారు. కొత్తగా చేరిన మగవాళ్లని 4 దగ్గర, ఆడవాళ్లని 3 దగ్గర మొదలుపెడతారు. స్థాయిని బట్టి గెలవాల్సిన గేములు మారతాయి. జట్టులో ఆడే ఐదుగురి స్థాయిలు కలిపి 23 దాటకూడదు. అందుకని ప్రతి జట్టుకీ కొత్తవాళ్లు కావాలి, తక్కువ స్థాయివాళ్లు కావాలి. నన్ను మొదట పిలిచింది ఆ లెక్క కోసమే. ఆడుతూ ఆడుతూ నా స్థాయి పెరిగింది. ఆ లెక్క లేకపోతే నన్నెవరూ జట్టులోకి తీసుకునేవారు కాదు. రెండూ ఉండాలన్నది నా అభిప్రాయం. ఆడవాళ్ల టూరూ ఉండాలి, పెద్ద టూర్‌కి మెట్లూ ఉండాలి. 2021 నుంచి మహిళల స్నూకర్ టూర్‌లో ముందున్నవాళ్లకి ప్రొఫెషనల్ టూర్‌లో రెండేళ్లు ఆడే అవకాశం ఇస్తున్నారు. రియాన్ ఎవాన్స్, ఎన్‌జీ ఆన్ యీ మొదట అలా వెళ్లారు. తర్వాత థాయ్‌లాండ్ నుంచి నుచ్చరుత్ వొంగ్‌హరుథాయ్ (అందరూ మింక్ అంటారు), చైనా నుంచి బై యూలూ వచ్చారు. బై యూలూ 2024లో, 2025లో వరసగా మహిళల ప్రపంచ చాంపియన్. ఇద్దరూ చిన్న వయసువాళ్లే.

---

బెజవాడ నాన్న జవాబు:

అక్కా, తమ్ముళ్లూ, మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అక్క రాసిన జీన్ బలూకస్ కథ మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె ఆట వీడియో ఏదైనా ఉందేమో వెతకమంది.

ఇంకా రెండు విషయాలు చెప్పండి. ఒకటి, డబ్బు. మా ఇంట్లో పెద్దవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, తక్కువైతే తక్కువనే చెబుతాను. రెండోది, పిల్లని స్నూకర్‌లోనే ఉంచాలా, లేక పూల్‌కి మార్చాలా? పూల్ టేబుళ్లే ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి.

---

షార్లెట్ అక్క జవాబు:

డబ్బు సంగతి ఉన్నదున్నట్టే చెప్తాను. ఫిలిప్పీన్స్‌కి చెందిన రూబిలెన్ అమిత్ 2024లో న్యూజిలాండ్‌లో మహిళల ప్రపంచ 9-బాల్ గెలిచింది. మొదటి బహుమతి 50 వేల డాలర్లు. అదే ఏడు సౌదీలో మగవాళ్ల ప్రపంచ 9-బాల్ గెలిచిన ఫెడోర్ గోర్స్ట్‌కి రెండున్నర లక్షల డాలర్లు. అంటే ఐదో వంతు. అది కూడా ప్రపంచ చాంపియన్‌కి. మామూలు ఈవెంట్‌లో మొదటి రెండు మూడు స్థానాలు తప్పితే మిగిలినవాళ్లకి విమానం టికెట్, హోటల్ ఖర్చు తిరిగి రావడమే గగనం. చాలామంది కోచింగ్ ఇస్తారు, ఎగ్జిబిషన్ మ్యాచులు ఆడతారు, క్యూ కంపెనీల స్పాన్సర్‌షిప్ మీద నెట్టుకొస్తారు. ఈ మాట మీ అమ్మగారికి దాచకుండా చెప్పండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఏర్పాటు కొరియాది. అక్కడ 2019లో పీబీఏ పేరుతో త్రీ-కుషన్ ప్రొఫెషనల్ టూర్ పెట్టారు. అది పాకెట్లు లేని టేబుల్ మీద ఆడే బిలియర్డ్స్. మొదటి నుంచీ ఆడవాళ్లకి ఎల్‌పీబీఏ అని పక్కనే నడుస్తోంది. మగ విజేతకి 10 కోట్ల వన్‌లు (కొరియా కరెన్సీ), ఆడవాళ్లకి 4 కోట్ల దాకా వచ్చింది. సమానం కాదు, అయినా ఐదో వంతు కంటే నయం. నాకు నచ్చింది ఆ అంకె కాదు, మరుసటి ఏడు మొదలైన టీమ్ లీగ్. బ్యాంకులు, కార్డు కంపెనీలు జట్లు పెట్టుకుంటాయి. ప్రతి జట్టులో మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసే ఉంటారు. ఆడవాళ్ల సెట్లు, మిక్స్‌డ్ సెట్లు మ్యాచ్‌లో భాగం. ఆడవాళ్లు గెలవకపోతే జట్టు గెలవదు, కాబట్టి కంపెనీలు ఆడవాళ్ల మీద కూడా డబ్బు పెట్టక తప్పదు. పూల్‌లో రెండుసార్లు ప్రపంచ 9-బాల్ గెలిచిన కిమ్ గా-యంగ్ పూల్ వదిలి అక్కడికి వెళ్లింది, ఇప్పుడు అక్కడ మహారాణి. ఇంకొకావిడ శ్రూంగ్ ఫియవి, కంబోడియా నుంచి 2010లో పెళ్లి చేసుకుని కొరియా వచ్చింది. ఊరు కొత్త, భాష రాదు. భర్త తనతో పాటు బిలియర్డ్స్ హాల్‌కి తీసుకెళ్తే అక్కడ మొదటిసారి క్యూ పట్టుకుంది. ఇప్పుడు టైటిల్స్ గెలిచిన ప్రొఫెషనల్. పెళ్లయి పరాయి దేశం వచ్చినదాన్ని కాబట్టేమో, ఆవిడ ఆడుతుంటే నేను పని ఆపి చూస్తాను.

మన దగ్గర మధ్యేమార్గం ఒకటుంది. ఓఎన్‌జీసీ లాంటి సంస్థలు క్రీడాకారులకి ఉద్యోగం ఇస్తాయి, బిలియర్డ్స్, స్నూకర్ ప్రపంచ చాంపియన్ పంకజ్ అద్వానీ అక్కడివాడే. ఉమాదేవి గారు ఉద్యోగం చేస్తూనే ప్రపంచ టైటిల్ కొట్టారని కోఠి తమ్ముడు రాశాడు కదా. చదువు ఆపనవసరం లేదు, ఆపకూడదు కూడా. ఇంట్లోవాళ్లకి ఈ మాట చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండోదానికి నా సమాధానం స్పష్టం: స్నూకర్‌లోనే ఉంచండి. కనీసం పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా. స్నూకర్ టేబుల్ పన్నెండు అడుగులు, పూల్ టేబుల్ తొమ్మిది. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57. స్నూకర్ పాకెట్ అంచు గుండ్రంగా ఉంటుంది, బంతి కాస్త పక్కకి తగిలినా లోపలికి పోనివ్వదు. అక్కడ సూటిగా కొట్టడం వచ్చినవాళ్లకి పూల్‌లో పాటింగ్ (బంతిని పాకెట్లో వేయడం) అంత కష్టం కాదు, నేర్చుకోవాల్సింది బ్రేక్, బంతుల వరస, కుషన్ల (టేబుల్ అంచుల) లెక్క. అలిసన్, కరెన్, కెల్లీ ముగ్గురూ స్నూకర్ నుంచి పూల్‌కి వెళ్లి చాంపియన్లయ్యారు. పూల్ నుంచి స్నూకర్‌కి వెళ్లి ఆ స్థాయి అందుకున్నవాళ్లు నాకు కనిపించలేదు. పైగా మన దేశంలో నేషనల్స్, కోచ్‌లు, ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది స్నూకర్, బిలియర్డ్స్‌లోనే.

టేబుల్ దొరకని రోజుల్లో ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. డైనింగ్ టేబుల్ మీద ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా పడుకోబెట్టండి, మూతి మీ అమ్మాయి వైపు ఉండాలి. క్యూ సీసా మూతిలోంచి లోపలికి వెళ్లి, అంచుకి తగలకుండా వెనక్కి రావాలి. రోజూ అరగంట చేయించండి. క్యూ సూటిగా వెళ్లడం ఒక్కటి అలవాటైతే మిగతాదంతా మార్కర్ గారు చూసుకుంటారు. క్లబ్బు సెక్రటరీకి ఒక ఉత్తరం రాసి, జూనియర్ అమ్మాయిలకి వారంలో రెండు సాయంత్రాలు టేబుల్ కేటాయించమని అడగండి. మీ అమ్మాయి పేరు ఒక్కటే కాకుండా ఇంకో ఇద్దరు ముగ్గురు మెంబర్ల పిల్లల పేర్లు కూడా చేర్చండి. ఒక్కతే అయితే కాదనడం తేలిక.